చీమూ నెత్తురూ

పర్లాకిమిడిలో నా ల్యాబుకి రెండు బోర్డులు,
ఒకటి ఒడియాలో, ఒకటి తెలుగులో.
తెలుగు బోర్డు చదువుకుని లోపలికొచ్చింది భూలక్ష్మి.
ఒళ్ళో నలభై రెండు రోజుల పిల్లాడు.
చీటీ మీద పేరు లేదు, బేబీ ఆఫ్ భూలక్ష్మి అంతే.

బొడ్డు ఇంకా ఊడలేదు,
ఎండిన చిక్కుడు తీగలా వేలాడుతోంది.
చుట్టూ కందిపోయింది. నొక్కితే ఏమీ రాదు.
"చీమైనా పడితే బాగుణ్ణమ్మా," అంది వాళ్ళత్త,
"ఏటీ నేదు. అలా ఎర్రగా ఉండిపోతంది."

తెల్లకణాలు లెక్కపెట్టాను. డెబ్బై వేలు.
తప్పు లెక్కేమోనని మళ్ళీ పెట్టాను.
డెబ్బై ఒక్క వేలు.
ఇంత దండుండి
అంగుళం గాయం దగ్గరికి ఒక్కడూ పోలేదు.

గుణుపురం చిన్న రైలు నడిచే రోజుల్లో
మా నాన్న స్టేషను దాకా ఆగేవాడు కాదు.
మా వీధి వెనక బండి నెమ్మదించగానే
కమ్మీ పట్టుకుని, ఒక కాలు నేల మీద రాసి,
సంచీతో సహా దిగిపోయేవాడు.
తెల్లకణం కూడా అలాగే దిగాలి.
ఈ పిల్లాడి కణాలు గోడమ్మట దొర్లుకుంటూ వస్తాయి,
పట్టుకోవడానికి చెయ్యి లేదు,
గాయం వెనక్కి వెళ్ళిపోతుంది.

ఆ చెయ్యి పేరు సీడీ పద్దెనిమిది.
ఇరవై ఒకటో జత క్రోమోజోము కొసన
ఒక జన్యువు కూర్చుని
ఏడొందల అరవై తొమ్మిది పూసలు వరసగా గుచ్చమంటుంది.
ఎక్కడో ఒక పూస తప్పింది.
భువనేశ్వరం నుంచి వచ్చిన గ్రాఫులో
అందరికీ కుడిపక్కన లేచే కొండ
వీడికి సున్నా దగ్గరే కూలబడి ఉంది.

"మీ వంశంలో పసిపిల్లలు పోయారా?"
బరంపురం డాక్టరు అడిగితే
లేదన్నాడు కామేశం, కొమ్ము దువ్వెనలు కోసే చేతులు ముడుచుకుని.
అబద్ధం కాదు.
పురిట్లో పోయినవాళ్ళకి ఫొటో ఉండదు, తద్దినం ఉండదు.

నేను చావుల సంగతి వదిలేసి పేర్లు అడిగాను.
తాత తవిటయ్య.
తాత చెల్లెలు తవిటమ్మ.
భూలక్ష్మి తండ్రి, అంటే కామేశం మేనమామ, పెంటయ్య.
ఇంకో తవిటయ్య, టెక్కలిలో.

పెన్ను ఆగిపోయింది.
ఈ పక్క ఎవరూ ఊరికే ఆ పేరు పెట్టరు.
ముందువాళ్ళు నిలవకపోతే
తరవాతి బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడ చేతికిచ్చి
సోలెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు.
ఇంత చవక సరుకు మనకెందుకని
చావు పక్కింటికి పోతుందని.

ప్రతి తవుడు పేరుకీ ముందు ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను.
రెండు వైపుల నుంచీ చుక్కలు నడిచొచ్చి
మేనరికం పెళ్ళిపందిట్లో కలుసుకున్నాయి.
నాలుగు తరాల రిపోర్టు అది,
సంతకం లేదంతే.

"తప్పు నాదా, ఆయనదా?"
చెరో సగం మోశారు, అన్నాను.
సగం మోసేవాళ్ళకి బరువు తెలీదు.

మా వీధిలో తాగినవాళ్ళు కొట్టుకునేటప్పుడు అరుస్తారు,
"చీమూ నెత్తురూ ఉంటే రారా!"
ఎన్నేళ్ళుగానో వింటున్నాను.
పెద్దలు చీముని ముందెందుకు పెట్టారో
ఇప్పుడు తెలిసింది.
నెత్తురు అందరికీ ఉంటుంది.
చీమంటే
నెత్తుట్లోంచి దిగి వచ్చి
గాయం దగ్గర చచ్చిపోయినవాళ్ళు.

వాళ్ళక్క దమయంతికి ఆరేళ్ళు.
దాని మూలుగ వీడికి సరిపోయింది.
వెల్లూరు, అప్పులు, మూడు నెలల గాజు గది,
అవన్నీ నాకు కాయితాల మీదే తెలుసు.

రెండేళ్ళకి, వర్షాకాలం,
వాళ్ళ నాయనమ్మ రోడ్డవతల నుంచే కేకేసుకుంటూ వచ్చింది:
"చీమట్టిందమ్మా! గుంటడికి చీమట్టింది!"
నాన్న పని దగ్గర కొమ్ము పేడు గుచ్చుకుందట.
చూపుడువేలి కొసన బియ్యపుగింజంత, పసుపు తెలుపు.

స్లైడు మీద పూసి చూశాను.
వచ్చారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వచ్చారు,
అందరూ వాళ్ళక్క తరఫు వాళ్ళే.

కవరు మీద రాయడానికి పేరడిగాను.
"తవిటయ్య," అంది ముసలావిడ.
పిల్లాడి వేలు ఊదుతున్న భూలక్ష్మి తలెత్తకుండానే
"తవిటేశ్వర్రావు అని రాయండి," అంది,
"బళ్ళో నవ్వుతారు."